జ్యామితి బొమ్మ గోడెక్కే ముందు

చదరాలు, వలయాలు, త్రిభుజాలు, అడ్డగీతలు, నిలువుగీతలు. మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడూ లేడు. ఇలాంటి ప్రింట్లు ఇప్పుడు ఫర్నిచర్ షోరూముల్లో, ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. కొత్త ఫ్లాట్లలో హాలు గోడల మీదికి చేరుతున్నాయి. కొనడం తేలికే, తగిలించాకే చిక్కు. పూలకుండీ బొమ్మో పల్లెటూరి దృశ్యమో అయితే పటం కాస్త ఒరిగినా, పక్కన సున్నం పెచ్చులూడినా ఎవరూ పట్టించుకోరు. గీతల బొమ్మ పక్కన మాత్రం ఇంట్లోని ప్రతి వంకరా బయటపడుతుంది. అందుకే ఈ చిట్కాల్లో కొన్ని చూడ్డం గురించి, ఎక్కువ భాగం అద్దాలు, మేకులు, చెమ్మ గురించి.

1. అర్థం సంగతి తర్వాత, ముందు మీ చూపు ఎటు పోతోందో గమనించండి. "ఇదేం బొమ్మ?" అన్న ప్రశ్నను పక్కన పెట్టి రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. చూపు మొదట ఎక్కడ పడింది, అక్కణ్ణించి ఎటు జారింది, ఎక్కడ ఆగిపోయింది? ఇప్పుడు అరచేత్తో ఒక మూలను కప్పండి. ఆ మూలనున్న చిన్న ఎర్ర చదరం కనబడకపోయేసరికి మిగతాదంతా ఒక పక్కకి ఒరిగినట్టు అనిపిస్తే, చదరం అక్కడెందుకుందో మీకు తెలిసిపోయినట్టే. కళ్ళు చికిలించి చూడండి: సన్న గీతలు మాయమై ముదురు, లేత ముద్దలు మిగుల్తాయి, బొమ్మ బరువు ఎటుందో తెలుస్తుంది. పెద్ద ఎర్ర వలయం ఉన్న ప్రింటైతే ఇంకో సరదా ఉంది. దాన్ని అరనిమిషం చూపు కదపకుండా చూసి, పక్కనున్న తెల్లగోడ వైపు తిరగండి. నీలం కలిసిన ఆకుపచ్చ వలయం ఒకటి గోడ మీద తేలుతుంది. ఎరుపును పట్టే కణాలు కాసేపు అలసిపోవడం వల్ల కన్ను చేసే పని అది.

ఎస్.హెచ్. రజా (1922–2016) 'బిందు' చిత్రాల ప్రింట్లు మన దగ్గర బాగా చెలామణిలో ఉన్నాయి. ఆయన మధ్యప్రదేశ్ పల్లెలో చదువుకునే రోజుల్లో, నిలకడ లేని ఆ పిల్లవాణ్ణి కుదురుగా కూర్చోబెట్టడానికి బడిపంతులు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. 1950లో ఫ్రాన్స్ వెళ్ళి, చాలాకాలం ఊళ్ళూ కొండలూ గీసి, 1970ల చివరికొచ్చాక ఆ చుక్కనే పట్టుకున్నారు. కాబట్టి రజా ప్రింటును చూసే పద్ధతి ఆయన బడిలోనే ఉంది: చుక్క దగ్గర మొదలుపెట్టి, చుట్టూ రంగులు మెల్లగా విచ్చుకునేదాకా ఆగడం.

2. ఇంట్లో ముగ్గులు వేసేవాళ్ళ అభిప్రాయం అడగండి. మొహమాటానికి కాదు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గును తెల్లారుజామున చీకట్లో తప్పు లేకుండా కలిపే చెయ్యికి, గీత ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ ఖాళీ చాలలేదో చప్పున తెలుస్తుంది. ఒక తేడా మాత్రం వాళ్ళతో చెప్పి చూపించండి. ముగ్గు నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది, మధ్యలో మడిచినా సరిపోతుంది. డచ్చి చిత్రకారుడు పీట్ మాండ్రియాన్ (1872–1944) బొమ్మలు అలా మడవడానికి కుదరవు. పెద్ద తెల్లటి ఖాళీ ఒకవైపు, చిన్న నీలం ముక్క ఇంకోవైపు, అయినా త్రాసు ఒరగదు. ముగ్గుకు అలవాటుపడిన కంటికి ఇది మొదట్లో సగంలో వదిలేసిన పనిలా కనిపించవచ్చు. కొన్నాళ్ళు గోడమీద ఉండనివ్వండి.

3. ఏది పైవైపో కొనేటప్పుడే కనుక్కోండి. నవ్వులాటకు అనడం లేదు. మాండ్రియాన్ 1941లో రంగు టేపులతో చేసిన 'న్యూయార్క్ సిటీ 1' 1945లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శనకెక్కింది, 1980 నుంచి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంది. అదంతా తలకిందులుగానే వేలాడుతోందని 2022లో అక్కడి క్యూరేటర్ బయటపెట్టారు. చిత్రకారుడి స్టూడియో పాత ఫొటోలో గీతలు దట్టంగా ఉన్న భాగం పైన ఉంది, గోడమీద అది కిందికొచ్చింది. ఇప్పుడు తిప్పితే పాత టేపులు ఊడిపోతాయన్న భయంతో అలాగే ఉంచేశారు. అంత పెద్ద మ్యూజియాలకే తప్పలేదు కనుక మీరు సంతకం, వెనక రాత, అమ్మినవారి ఫొటో మూడూ సరిచూసుకోండి. ఫ్రేమ్ కట్టేవారికి ఇచ్చేముందు వెనక పెన్సిల్‌తో బాణం గుర్తు వేయండి.

4. 'ప్రింటు' అంటే రెండు రకాలని తెలుసుకుని డబ్బు పెట్టండి. మొదటిది, అసలు చిత్రాన్ని ఫొటో తీసి ఇంక్‌జెట్ యంత్రంలో అచ్చువేసింది, పోస్టరు అన్నమాట. రెండోది, చిత్రకారుడే రాగి పలక మీదో చెక్క మీదో సిల్క్ తెర మీదో అచ్చు తయారుచేసి, ఇన్ని ప్రతులే అని లెక్కపెట్టి తీసింది. దాని కింద అంచున పెన్సిల్‌తో 12/75 అని ఉంటే, తీసిన 75 ప్రతుల్లో ఇది పన్నెండోది. పక్కన సంతకం ఉంటుంది.

ఈ రెండో రకంలో ప్రపంచం గుర్తుపెట్టుకున్న పేరు ఒకటి మన చిత్తూరు జిల్లాది. నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన 'అతెలియే 17' అచ్చుశాలలో చేరి, ఒకే పలక మీద ఒకే ఒత్తుడులో అనేక రంగులు అచ్చయ్యే పద్ధతిని పెంపొందించినవారిలో ముఖ్యుడయ్యారు. పల్చటి సిరా, చిక్కటి సిరా ఒకదానితో ఒకటి కలవకపోవడం అందులో కిటుకు. మెత్తటి రోలరు పలకలోని లోతులకు దిగుతుంది, గట్టి రోలరు పైభాగాలనే తాకుతుంది. ఏ రంగు ఎక్కడ నిలవాలో నూనె పాళ్ళే నిర్ణయిస్తాయి. 1972లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అలీగఢ్‌లో పుట్టి, గణితం చదివి, అదే పారిస్ అచ్చుశాలలో పనిచేసిన జరీనా (1937–2020) చెక్క అచ్చులు నల్లటి గీతల్లోనే ఇంటి నేలపటాలను, సరిహద్దులను పట్టుకుంటాయి. గీతల బొమ్మలో మనిషి బతుకు ఉండదని వాదించేవారికి నేను మొదట చూపించేది జరీనానే.

పోస్టరు కొనడం తక్కువేం కాదు. పోస్టరును లెక్కపెట్టిన ప్రతి ధరకు కొనడమే తప్పు.

5. సొంతంగా అచ్చు వేయిస్తున్నారా? ముందు హక్కు చూడండి. మన దేశ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. 1935లో పోయిన మాలేవిచ్, 1940లో పోయిన పాల్ క్లే, 1944లో పోయిన కాండిన్‌స్కీ, మాండ్రియాన్ ఇక్కడ ఆ గడువు దాటినవారే. రజా దాటలేదు, ఆయన బొమ్మను ఫోన్‌లోంచి దింపి అచ్చు వేయించకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు లెక్క వేరు, అక్కడ బొమ్మ ఎప్పుడు వెలువడిందన్నదీ చూస్తారు.

తర్వాత ఫైలు. ఏ3 సైజుకు 300 డీపీఐలో దాదాపు 3508 × 4961 పిక్సెళ్ళు, ఏ2కు 4961 × 7016 కావాలి. పూల బొమ్మ ఇందులో సగంతో సర్దుకుంటుంది. గీతల బొమ్మ సర్దుకోదు. ఏటవాలు గీత మెట్లు మెట్లుగా విరుగుతుంది, వాట్సాప్‌లో చేతులు మారిన ఫైలైతే రంగు అంచుల చుట్టూ మురికి మరకల్లాంటి మసక కనిపిస్తుంది. ఫైలును డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా కాదు.

6. క్యాన్వాస్ వద్దు, మెరుపులేని మందపాటి కాగితం తీసుకోండి. క్యాన్వాస్ నేత గీత అంచును గరుకుగా మారుస్తుంది. పైగా చెక్క చట్రానికి చుట్టేటప్పుడు నాలుగు అంచులూ పక్కలకు మడతపడి పోతాయి. జ్యామితి బొమ్మలో అంచు కూడా బొమ్మే. 1920ల తొలి నాళ్ళలో మాండ్రియాన్ కొన్ని నల్లగీతలను అంచు దాకా తేకుండా కాస్త ముందే ఆపేశాడు. అది చుట్టలో పోతే ఆయన చేసిన పని పోయినట్టే. నూలు గుజ్జుతో చేసిన 300 జీఎస్‌ఎం కాగితం, పిగ్మెంట్ సిరా అడగండి. డై సిరా తొందరగా వెలుస్తుంది.

7. పటం కట్టించడం దగ్గర పిసినారితనం వద్దు. ప్రింటు కన్నా ఫ్రేముకే ఎక్కువ అవుతుందని చాలామంది వెనకాడతారు, అవుతుంది కూడా. కానీ కాగితాన్ని పాడుచేసేది చాలాసార్లు ఫ్రేమే. దుకాణంలో అలవాటుగా చేసే పని ఒకటుంది: ముడతలు రాకుండా ప్రింటు వెనకంతా ఫెవికాల్ పూసి హార్డ్‌బోర్డుకు అతికించేస్తారు. చూడ్డానికి పలకలా చదునుగా ఉంటుంది. కొన్నేళ్ళకు బోర్డులోని ఆమ్లం కాగితంలోకి దిగి పసుపు, గోధుమ రంగు మచ్చలొస్తాయి, విడదీయడానికి దారి ఉండదు. "అతికించొద్దు" అని ముందే చెప్పండి. పైఅంచున మాత్రమే రెండుచోట్ల పల్చటి జపనీస్ కాగితపు పట్టీలతో, నీటికి ఊడే స్టార్చ్ జిగురుతో మౌంట్ బోర్డుకు తగిలించాలి. కాగితం కింద స్వేచ్ఛగా వేలాడుతుంది, తేమకు సాగినా ముడుచుకున్నా చోటుంటుంది. సెల్లోటేపు, రెండువైపులా అంటుకునే టేపు దగ్గరికి రానివ్వకండి.

మౌంట్ బోర్డు 'యాసిడ్ ఫ్రీ' అని అడిగి తీసుకోండి. అంచు పట్టీ రెండున్నర, మూడు అంగుళాలు ఉండాలి, కిందివైపు అర అంగుళం ఎక్కువ. నాలుగు పక్కలా సమానంగా ఉంటే బొమ్మ కిందికి జారినట్టు కనబడుతుంది, అది కంటి తీరు. మౌంట్ వల్ల అద్దానికీ కాగితానికీ మధ్య సందు కూడా దొరుకుతుంది. అద్దానికి తగిలిన కాగితం వానాకాలంలో దానికే అతుక్కుపోతుంది. అసలు అంచులు కనబడాలనుకుంటే ప్రింటును మౌంట్ మీద తేల్చి పెట్టమనండి. అప్పుడు అద్దం కింద పక్కలకు సన్నటి స్పేసర్ పట్టీ తప్పనిసరి. మాండ్రియాన్ కూడా తన బొమ్మను చట్రంలోకి దించకుండా పలక మీద ముందుకు నిలబెట్టడానికే ఇష్టపడేవాడు.

ఫ్రేము సన్నగా, నల్లగానో తెల్లగానో, లేదంటే మామూలు టేకు రంగులోనో ఉండాలి. బంగారు పూత, నగిషీ చెక్కడం తంజావూరు పటానికి అందం. ఇక్కడ అది బొమ్మతో పోట్లాడుతుంది. అద్దం 2 మి.మీ. చాలు. పెద్ద పటానికి యాక్రిలిక్ మేలు: బరువు గాజులో సగమే, కిందపడినా పగలదు. దుమ్మును మాత్రం ఆకర్షిస్తుంది.

8. ఏ గోడ? చెమ్మ లేనిది. బాత్రూముకు అవతలి గోడ, వానకు తడిసే బయటి గోడ, వంటింటి పొగ వచ్చే చోటు వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో అయితే ఈ మాటను రెండుసార్లు చదువుకోండి. పటం కింది మూలల వెనక చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

ఎండ ఇంకా పెద్ద శత్రువు. కాగితం మీది బొమ్మలకు మ్యూజియాలు 50 లక్స్ వెలుగు దాటనివ్వవు. నేరుగా పడే మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. పడమటి కిటికీకి ఎదురుగోడ మీద పెడితే ముందు ఎరుపు, పసుపు వెలుస్తాయి. జ్యామితి బొమ్మలో ఒక్క రంగు తగ్గితే చాలు, రెండో చిట్కాలో చెప్పిన త్రాసు ఒరిగిపోతుంది.

వాస్తు ప్రకారం ఏ దిక్కు అని అడిగేవారుంటారు. నాకు తెలిసిన దిక్కు ఎండ పడని దిక్కే.

9. ఎత్తు తగ్గించండి. పాత ఇళ్ళలో పటాలు లింటెల్ పైన, ముందుకు వాలి వేలాడేవి. కింద నిలబడి తలెత్తి చూసేవారికి ముత్తాతగారి ముఖం కనబడాలని ఆ ఏర్పాటు, దానికది బాగానే ఉండేది. చదరాల బొమ్మను అంత ఎత్తున గోడకు ఆనించి కట్టి చూడండి: కిందినుంచి చూసినప్పుడు చదరం చదరంగా ఉండదు, పైవైపు సన్నబడుతుంది, సమాంతర గీతలు దగ్గరికి చేరతాయి, వలయం కోడిగుడ్డవుతుంది. చిత్రకారుడు కొలిచి గీసినదంతా మేకు ఎత్తు వల్ల మారిపోతుంది. బొమ్మ నడిమధ్య నేలనుంచి 57–60 అంగుళాల ఎత్తులో, పటం గోడకు ఆనుకుని నిటారుగా ఉంటే నిలబడిన మనిషి కంటికి సరిపోతుంది. కూర్చుని చూసే గది అయితే ఇంకో నాలుగైదు అంగుళాలు దించండి. సోఫా పైనైతే సోఫా వీపుకూ ఫ్రేముకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు వదలండి. పటం వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులుంటే నిండుగా ఉంటుంది. అంతకన్నా బాగా చిన్నదైతే సోఫా గోడ మానేసి గుమ్మం పక్కనున్న ఇరుకు గోడ చూడండి.

ఎత్తుగా కట్టడం ఎప్పుడూ తప్పేనా? కాదు. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో మాలేవిచ్ తన 'నల్ల చదరాన్ని' గది మూలన, కప్పుకు దగ్గరగా పెట్టాడు. రష్యా ఇళ్ళలో దేవుడి పటం ఉండే చోటది. తెలిసి చేసిన పని. మీకూ అలాంటి ఉద్దేశమేదైనా ఉంటే కానివ్వండి.

10. ఒక మేకు చాలదు. ఒకే కొక్కేనికి వేలాడే పటం తలుపు గట్టిగా వేసినప్పుడల్లా కాస్త పక్కకు జరుగుతుంది. రెండు స్క్రూలు, మధ్య కనీసం అడుగు దూరం, రెండూ ఒకే మట్టంలో ఉండాలి. మేస్త్రీ దగ్గరుండే రసమట్టం అడిగి తెచ్చుకోండి, ఫోన్‌లో ఉన్నదైనా పనికొస్తుంది. కొత్త అపార్టుమెంట్లలో గోడలే కాంక్రీటుతో పోస్తున్నారు. వాటికి సుత్తి దెబ్బలతో మేకు దిగదు. హ్యామర్ డ్రిల్లు, 6 మి.మీ. బిట్టు, రావల్ ప్లగ్గు కావాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, పక్కన రంధ్రం వేయకండి, అక్కడ వైర్లు పోతుంటాయి.

పాత ఇంట్లో గోడ, కప్పు కలిసే గీతే వంకరగా ఉంటుంది. అప్పుడు రసమట్టం సరేనన్నా కన్ను ఒప్పుకోదు. ఇద్దరిలో ఒకరు పట్టుకుని, ఒకరు దూరం నుంచి చెప్పి, కన్ను సరేనన్న చోటే బిగించండి.

11. గోడ రంగును తేలిగ్గా తీసుకోవద్దు. జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో చనిపోయేదాకా ఒకదానిలో ఒకటి ఇమిడిన చదరాలనే గీస్తూ పోయాడు. పక్కన ఏ రంగుందన్నదాన్ని బట్టి ఒకే రంగు వేరువేరుగా కనబడుతుందని వాటిలో చూపాడు. మీ గోడ కూడా ఆ పక్క రంగుల్లో ఒకటే. లేత ఆకుపచ్చ గోడ మీద బూడిద రంగు కాస్త గులాబీ వైపు తిరుగుతుంది. తెల్లటి వెడల్పు మౌంట్ ఈ గొడవను చాలావరకు ఆపుతుంది. గోడకు రంగు వేయించబోతుంటే కాస్త బూడిద కలిసిన తెలుపు చూడండి. నాలుగు గోడల్లో ఒకదానికి వేసే 'హైలైట్ వాల్' ముదురు నారింజ మీద మాత్రం దయచేసి వద్దు.

12. దీపం: 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు కింద ఎరుపు చచ్చిపోతుంది, 2700 కెల్విన్ పసుపు బల్బు కింద నీలం మురికిగా, తెలుపు మీగడలా కనిపిస్తుంది. 3000–4000 మధ్యది, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్ఐ 90 పైనున్న ఎల్‌ఈడీ కొనండి. ఆ రెండు అంకెలూ సాధారణంగా డబ్బా మీద ఉంటాయి. పైనుంచి 30 డిగ్రీల వాలులో పడితే అద్దం మెరవదు.

13. చుట్టూ ఖాళీ వదలండి. పటం పక్కన గడియారం, క్యాలెండరు, ఏసీ పెట్టె ఉంటే అవన్నీ ఇంకో రెండు చదరాలు, ఒక వలయం కింద లెక్కకొస్తాయి. బొమ్మలోని రంగులకు సరిపోయే దిండ్లు, కర్టెన్లు వెతికి కొనే సరదా కొందరికి ఉంటుంది. నాకది నచ్చదు. బొమ్మ దిండు కవరులో భాగమైపోతుంది.

14. అద్దె ఇల్లయితే గోడకు అంటించే స్ట్రిప్పులను నమ్మకండి. సున్నం, డిస్టెంపరు పొరతో సహా ఊడొస్తాయి. టీవీ యూనిట్ మీదో పుస్తకాల అర మీదో పటాన్ని గోడకు ఆనించి పెట్టండి, కింద జారకుండా రబ్బరు పట్టీ వేస్తే చాలు.

15. ప్రింటే కావాలని లేదు. చీరాలకు పేరు తెచ్చిన, ఇప్పటికీ పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపులతో పడుగూ పేకా ముందే రంగద్ది నేసిన జ్యామితే. దాన్ని అద్దం వెనక చదునుగా కట్టించవచ్చు, అంచులను జిగురుతో కాక దారపు కుట్లతో మౌంట్ గుడ్డకు పట్టించాలి. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన పి.టి. రెడ్డి (1915–1996) తాంత్రిక చిత్రాల వంటివి, అవకాశం దొరికినప్పుడు అసలువి చూడండి. హైదరాబాదులో ఉన్నవారికి మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఒక ఆదివారపు పని. ఎంత మంచి ప్రింటైనా కుంచె మందాన్ని చూపించలేదు.

16. "మా బుడ్డోడు కూడా గీస్తాడు ఇది" అనే బాబాయి ప్రతి ఇంటికీ ఒకరొస్తారు. వాదించకండి. కాగితం, స్కేలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు ఇచ్చి బుడ్డోడితోనూ బాబాయితోనూ చెరొకటి గీయించండి. చాలాసార్లు బుడ్డోడిదే బాగుంటుంది, ఫ్రిజ్ మీద అంటించండి.

17. తుడిచేటప్పుడు ద్రవాన్ని అద్దం మీద చల్లొద్దు, అది అంచుల్లోంచి జారి మౌంట్‌ను తడుపుతుంది. మెత్తటి పొడిగుడ్డకు కొద్దిగా అద్ది తుడవండి. యాక్రిలిక్ అయితే స్పిరిట్, అమ్మోనియా ఉన్నవి అసలు తగలనివ్వకూడదు, పొరలు పొరలుగా మసకబారుతుంది. ఏటా వానలు వెనక్కి తగ్గాక పటాన్ని ఒకసారి దించి వెనక చూడండి: చెదల మట్టి గీతలు, సాలెగూడు, బూజు వాసన, సడలిన తీగ. వెనక అట్ట అంచుల్లో అంటించిన గోధుమరంగు టేపు లేచి ఉంటే అక్కణ్ణించే పురుగులు దూరతాయి, కొత్తది వేయించి మళ్ళీ తగిలించండి.